ఆపినా ఆగని ఖరాదు

మా అత్తమ్మను ఎడపల్లి నుంచి నిజామాబాదుకు తెచ్చుకున్న ఏడాదే నేను బడి ఉద్యోగం మానేశాను. ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. అత్తమ్మకు మతిమరుపు ముదిరింది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడంతో మొదలై, మధ్యాహ్నం తిన్న అన్నం తినలేదని సాయంత్రం ఏడ్చేదాకా వచ్చింది. ఆమెను ఒక్కదాన్నే ఇంట్లో వదిలి వెళ్లే వీలు లేదు. మా ఆయన నీటిపారుదల ఆఫీసులో పనిచేస్తాడు. ఉద్యోగం మానాల్సింది నేనేనని ఎవరూ నోరు తెరిచి అనలేదు, కానీ అందరికీ తెలుసు.

ఇంట్లో ఉండి చేసే పని ఏదైనా కావాలనిపించింది. బళ్లో పాఠం చెప్పేటప్పుడు బల్ల మీద బొంగరాలు తిప్పి చూపించేదాన్ని. కర్రతో బొంగరం చేయడం నేర్చుకోవాలని ఎప్పటి నుంచో ఉండేది. ఇంటి వెనక బట్టలు ఉతుక్కునే గది ఒకటి వాడకం లేకుండా పడి ఉంది. అందులో ఖరాదు మిషన్ పెట్టుకుంటానని, కర్రను తిప్పుతూ ఉలితో చెక్కడం నేర్చుకుంటానని చెప్తే మా ఆయన నవ్వాడు.

"కుట్టు మిషన్ అడుగుతవనుకున్న. ఖరాదా?"

"బట్టలు కుట్టుడు నాతోని కాదు," అన్నాను.

మా తమ్ముడికి ఊళ్లో మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది. మిషన్ చూడ్డానికి వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. మొదట ఒక హార్డ్‌వేర్ షాపులో కొత్తది చూపించారు. నేను ఒక్కదాన్నే ఎత్తగలిగేంత చిన్నది. వేగం పెంచడానికి, తగ్గించడానికి ఒక మీట ఉంది. ఆన్ చేస్తే బల్లంతా వణికింది, బల్ల మీదున్న స్క్రూడ్రైవర్ దొర్లి కింద పడింది. బంద్ చేయగానే టక్కున ఆగిపోయింది.

"గిది ఆటవస్తువు అక్కా," అన్నాడు తమ్ముడు బయటికొచ్చాక. "జర మోటు కర్ర పెడితే మిషనే ఎగిరి పడ్తది. బరువుంటేనే ఖరాదు నిలబడ్తది. బోధన్ల ఒక పాతది అమ్ముతున్నరట. పూర బీడు ఇనుము. సూసొద్దాం పా."

వాడన్నది నిజమే. తేలిక మిషన్ వణికితే ఉలి కూడా వణుకుతుంది, చెక్కినచోటల్లా గాట్లు పడతాయి. ఆ సంగతి నేను కూడా అప్పటికే చదివి తెలుసుకున్నాను.

బోధన్ పాత బస్తీలో, సందు చివర ఆ ఇల్లు. ఇంటాయన ఖరాదు పనిలో పేరున్న మనిషి. మంచం కోళ్లు, కవ్వాలు, ఉయ్యాల గుబ్బలు చేసేవాడట. చనిపోయాడు. ఆయన భార్య ఒక్కతే ఉంటోంది. నేను చాచీ అని పిలిస్తే ఆమె బేటీ అంది. నీళ్లిచ్చింది. పెరట్లో రేకుల షెడ్డు చూపించి, "అందర్ ఉంది బేటీ. మీరే సూసుకోండ్రి," అని గడప దగ్గరే ఆగిపోయింది.

మిషన్ మీద గొంగడి కప్పి, తాడుతో గట్టిగా కట్టి ఉంది. ముడులు ఎంతకీ రాకపోతే తమ్ముడు తాడు కోసేశాడు. లోపల నల్లగా, పొడుగ్గా, నా నడుం ఎత్తున్న ఇనుము. ఒక చివర కర్రను పట్టి తిప్పే ఇరుసు, దాని వెనక తిరగలి రాయంత బండచక్రం. గోడకు స్విచ్చుబోర్డు మాత్రం లేదు. వైర్లను గోడకానించి కత్తిరించేశారు.

"స్విచ్చు ఎందుకు తీసేసిన్రు చాచీ?" అని తమ్ముడు అడిగాడు.

"అవసరం లేకుండె," అంది ఆమె.

వాడు బండచక్రాన్ని చేత్తో గట్టిగా ఒక తిప్పు తిప్పి వదిలాడు. అది తిరిగింది. తిరుగుతూనే ఉంది. గరగర లేదు, కిర్రుమనడం లేదు, చప్పుడంటూ ఏమీ లేదు. మేం మాటల్లో పడి మళ్లీ చూసేసరికి ఇంకా తిరుగుతోంది.

"బేరింగులు సూడక్కా. మస్తుగున్నయ్!"

నాకూ ముచ్చటేసింది. అంతసేపు తిరిగిందంటే రాపిడి లేదన్నమాట. కొనొచ్చు అనుకున్నాను. తలెత్తితే, గడప దగ్గర చాచీ మా వైపు చూడటం లేదు. చక్రాన్ని చూస్తోంది. ఆమె వేళ్లు తలుపు చట్రాన్ని పట్టుకుని తెల్లబడ్డాయి. చక్రం పూర్తిగా ఆగేదాకా పట్టు వదల్లేదు.

బేరం కుదిరాక ఆమె అడిగింది, "ఇంట్ల ఎవరెవరుంటరు బేటీ?"

"నేను, మా ఆయన, మా అత్తమ్మ. అత్తమ్మకు మతి కుదురుగ లేదు."

ఆమె ఏదో చెప్పబోయి మానుకుంది. మిషన్ను ట్రాలీ ఆటోలోకి ఎక్కించి బయల్దేరుతుంటే మాత్రం సందులోకి నడిచొచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "బంద్ చేసినంక దగ్గరికి పోకు బేటీ. పూర ఆగినంకనే పో," అంది. సరే అన్నాను. చెయ్యి వదలకుండా మళ్లీ అదే మాట అంది. పెద్దావిడ జాగ్రత్త చెప్తోందనుకున్నాను. ఆటో మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే సందు మధ్యలో అలాగే నిలబడి ఉంది.

ఇంటికి తెచ్చాక తమ్ముడు మిషన్ విప్పి శుభ్రం చేశాడు. ఇరుసుకూ బేరింగుకూ మధ్య ఏదో ఇరుక్కుని ఉందని, కొక్కెంతో గీకి లాగాడు. దారాలు. గ్రీజులో నాని, ఎండి, తోలులా గట్టిపడిన దారాలు. కొంత దూరం లాగాక వాటి రంగు బయటపడింది, ఎర్ర గళ్లు.

"రుమాలు సుట్టుకున్నట్టుంది," అన్నాడు. అని నా మొహం చూసి, "పాత మిషన్లల్ల గిసొంటివి ఉంటయ్ తీ అక్కా," అని వాటిని చెత్తబుట్టలో వేశాడు. ఆ సాయంత్రం చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే ఆ ముద్దను చేత్తో తాకబుద్ధి కాలేదు. కాగితంతో పట్టుకుని వేశాను.

తమ్ముడు కొత్త స్విచ్చు బిగించాక పని నేర్చుకోవడం మొదలుపెట్టాను. జుట్టు బిగించి ముడి వేసి, చున్నీ తీసేసి, మా ఆయన పాత చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి తొడుక్కునేదాన్ని. మొదట్లో ఉలిని కర్రలో గుచ్చేదాన్ని, అది ఒక్క కుదుపుతో చేతిలోంచి ఎగిరిపోయేది. ఉలిని మిషన్ ముందున్న ఇనుప కడ్డీ మీద ఆనించి, అంచు కర్రను కోయకుండా ముందు ఊరికే రాసుకునేలా పెట్టి, మెల్లగా పిడి ఎత్తుతూ పోవాలని కొన్నాళ్లకు చేతికి తెలిసింది. అప్పుడు వేపకర్ర నుంచి పొట్టు రిబ్బన్లలా లేచి నా మోచేతుల మీద పడేది. బొంగరాలు చేశాను, రొట్టెల కర్ర చేశాను. అంత హాయి నాకు బళ్లో ఎన్నడూ దొరకలేదు.

కానీ ఆ మిషన్ చప్పుడుకు అత్తమ్మ వచ్చేది.

మా మామ బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, పోయి చాలా కాలమైంది. ఫ్యాక్టరీ కూడా మూతబడింది. ఖరాదు మోటారు హూంకారం వినగానే అత్తమ్మ మంచం మీంచి లేచేది.

"ఫ్యాక్టరీ షురూ అయ్యింది పిల్లా. మీ మామ లేసిండా? డ్యూటీకి పోవద్దా?"

"ఇది కర్ర చెక్కే మిషన్ అత్తమ్మా."

"గట్లనా," అని వెళ్లిపోయేది. మళ్లీ వచ్చేది.

ఆమె ఎప్పుడూ చెప్పుల్లేకుండా నడుస్తుంది. బక్కపలచని మనిషి, అడుగుల చప్పుడే ఉండదు. నేను ఉలి మీద దృష్టి పెట్టి ఉండేదాన్ని. ఎందుకో తిరిగి చూస్తే, చేయి చాపితే తగిలేంత దగ్గర్లో నిలబడి ఉండేది. నన్ను కాదు, తిరుగుతున్న కర్రను చూస్తూ. అలా ఎంతసేపటి నుంచి ఉందో తెలిసేది కాదు. నేను అరిచేదాన్ని. అరిస్తే చిన్నబుచ్చుకునేది. కాసేపటికి అరిచిన సంగతీ మర్చిపోయేది. తలుపు గడియ పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

వానాకాలం ముదిరేసరికి తలుపు నాని ఉబ్బింది. ఎంత నెట్టినా గడియ రంధ్రం దాకా వచ్చేది కాదు. వడ్రంగితో చిత్రిక పట్టించమని మా ఆయనతో చెప్పాను. వానలు తగ్గనీ అన్నాడు. ఈలోగా తలుపుకు ఒక కుర్చీ అడ్డం పెట్టి పని చేసుకునేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం వాన సన్నగా పడుతోంది. అత్తమ్మ తిని పడుకుంది. చింతకర్రతో గిన్నె చేస్తున్నాను. పళ్లెంలాంటి ఇనుప బిళ్లకు కర్రను వెనక నుంచి మరలతో బిగించి, లోపలా బయటా చెక్కాను. అంత నునుపుగా, అంత గుండ్రంగా నా చేతిలో ఏదీ రాలేదు. గరుకు కాగితం పట్టాలని మిషన్ బంద్ చేసి, ఎదుటి గోడకున్న అర దగ్గరకు వెళ్లాను. మోటారు ఆగిపోయింది. బండచక్రం ఎప్పటిలా చప్పుడు లేకుండా తిరుగుతోంది. వంకరగా వచ్చిన గిన్నె తిరిగితే కళ్లకు ఊగుతూ కనబడుతుంది. బాగా గుండ్రంగా వచ్చిన గిన్నె తిరుగుతున్నా కదలకుండా నిలబడినట్టే ఉంటుంది. దాని మీద పొట్టు దుమ్ము ఉన్నట్టు కూడా కనబడుతుంది.

అత్తమ్మ ఇంట్లో ఏ సామానుకు దుమ్ము పడినా కొంగుతో తుడుస్తుంది.

జెండా గాలికి కొట్టుకున్నట్టు టపటపమని వినిపించింది. వెనక్కి తిరిగాను. కుర్చీ పక్కకు జరిగి ఉంది. అత్తమ్మ మిషన్ మీదికి వంగి ఉంది. కొంగు గిన్నె వెనక మరలకు పట్టుకుని చుట్టుకుపోతోంది. ఆమె అరవడం లేదు. ఎవరో సరదాకు కొంగు లాగుతుంటే మెల్లగా విడిపించుకుంటున్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఉంది. అంతలో చీర భుజం దగ్గర బిగిసింది, మెడకు బిగిసింది, తల ఒక్కసారిగా ఇనుము వైపు పోయింది.

స్విచ్చు వైపు చూశాను. అది బంద్ చేసే ఉంది. ఇంక ఆపడానికి అక్కడ ఏమీ లేదు.

ఆమె నడుం పట్టుకుని వెనక్కి పడ్డాను. నా బరువంతా వేసి లాగాను. చక్రం అటు లాగింది. ఆ ఒక్క క్షణం మా ఇద్దరినీ కలిపి లాగింది. అప్పుడు చీర చిరిగింది. పాత నూలు చీర, ఎన్నోసార్లు ఉతికి పలచబడింది. కొత్త చీరలు దాచుకుని అదే కట్టుకుంటుందని నేను ఎప్పుడూ విసుక్కునేదాన్ని. ఇద్దరం నేల మీద పడ్డాం. ఆమె చెయ్యి నా కింద పడి విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

మిషన్ ఇంకా తిరుగుతోంది. చిరిగిన ముక్క దాని మీద చుట్టుకుని, చుట్టుకుని, గట్టి ఉండలా అయింది. అప్పుడు అది తనంతట తానే, మెల్లగా ఆగింది.

దవాఖానలో మణికట్టుకు కట్టు వేశారు. మెడ చుట్టూ తాడుతో బిగించినట్టు ఎర్రటి గీత. ఇంకాస్త బిగిసి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోతే మా ఆయన వినలేక బయటికి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక నాతో ఒక్కటే మాట అన్నాడు.

"తెల్లారేసరికి అది ఇంట్ల ఉండొద్దు."

అంత ఇనుమును రాత్రికి రాత్రి కదిలించే వీలు లేదు. అత్తమ్మ కట్టు వైపు చూసి, "ఇదెవరు కట్టిన్రు పిల్లా? నొస్తుంది," అని అడుగుతోంది. ఆమెకు ఏదీ గుర్తులేదు. చక్రం, కొంగు, ఏదీ. మర్నాడు మధ్యాహ్నం చూస్తే వెనక గది తలుపు దగ్గర నిలబడి, కట్టు లేని చేత్తో దాన్ని నెడుతోంది. ఆ గదిలోకి వెళ్లొద్దని చెప్పడానికి ఆమె లోపల భయం కూడా మిగల్లేదు. తలుపుకు బయట గొలుసు చుట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని తిరిగాను.

ఆ ఆదివారం అత్తమ్మను మా ఆయనకు అప్పగించి బోధన్ బస్సెక్కాను. చాచీ నన్ను చూడగానే లేచి నిలబడింది.

"ఏమైంది?" అంది.

చెప్పాను.

"బతికిందా ముసలామె? బతికిందా?"

"బతికింది."

చాచీ అక్కడే నేల మీద కూలబడింది. తల పట్టుకుని ఏడ్చింది. నేను కోపంతో వెళ్లాను, ఎన్నో మాటలు బస్సులో కూర్చుకుని వెళ్లాను. ఒక్కటీ బయటికి రాలేదు.

కాసేపటికి ఆమే చెప్పింది. "ఆయన బంద్ చేసిండు బేటీ. చప్పుడు ఆగింది, నా చెవులతోని ఇన్న. బంద్ చేసి, కింద పడ్డ ఉలి తీసుకుందామని వంగినట్టున్నడు. మెడల రుమాలు ఉండె. నేను రొట్టెలు చేస్తున్న. ఒక్క కేక లేదు. ఆగిపోయింది గద, ఇంకెందుకు వస్తలేడని పోయి సూస్తే..." ఆమె చెయ్యి గొంతు దగ్గరకు వెళ్లి ఆగింది. "స్విచ్చు నేనే పీకేపించిన. గది మల్ల తిరగొద్దని."

"నాకెందుకు చెప్పలేదు చాచీ?"

"చెప్తే ఎవరు కొంటరు? ఎవరు కొనకుంటే నా పెరట్లనే ఉంటది. పొద్దున లేస్తె గదే, పండేటప్పుడు గదే." కళ్లు తుడుచుకుంది. "దగ్గరికి పోకని చెప్పిన గద బేటీ. నాకు చెప్పొచ్చినంత చెప్పిన."

ఆమె చాయ్ పెట్టింది. తాగాను. లేచి వచ్చేశాను. బస్సు ఎడపల్లి దాటుతుంటే రోడ్డు పక్కన చెరుకు వానకు నల్లగా నిలబడి ఉంది. నా చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాను. నేను కూడా ఆ మిషన్ దగ్గర, బంద్ చేశాక, ఎన్నిసార్లు కింద పడ్డవి తీసుకోవడానికి వంగానో.

తమ్ముడు బ్రేకు బిగిస్తానన్నాడు. అలా చేయొచ్చు, చాలామంది చేస్తారు కూడా. మరొకరు ఫోన్ చేసి కొనుక్కుంటామన్నారు. రెండింటికీ వద్దన్నాను. పాత ఇనుము కొనేవాళ్లను పిలిపించాను. వాళ్లు సమ్మెటతో కొడితే బీడు ఇనుము గుడి గంటలా మోగింది కానీ పగల్లేదు. చివరికి గ్యాస్ కట్టర్ తెచ్చి ఇరుసును కోశారు. బండచక్రం ఊడి పెరట్లో దొర్లుతూ వెళ్లి గోడకు తగిలి ఆగింది. చాచీకి ఫోన్ చేసి చెప్తే, "అల్లా నీకు మంచి చేస్తడు బేటీ," అంది.

చలికాలంలో, హార్డ్‌వేర్ షాపులో మొదట చూసిన చిన్న మిషన్నే కొన్నాను. మా ఆయన ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. "నువ్వు ఇంట్ల ఊరికెనే ఉంటే కూడ నాకు భయమైతుంది," అని చివరికి తనే అన్నాడు. వణకకుండా సిమెంటు దిమ్మె కట్టించి దాని మీద బిగించాం. చిన్న చిన్న వస్తువులే చేయగలను. స్విచ్చు నొక్కగానే ఆగుతుంది. తలుపుకు చిత్రిక పట్టించి, కొత్త గడియ వేయించి, మధ్యలో అవతల కనబడేలా అద్దం పెట్టించాను. అద్దానికి అవతల కుర్చీ వేసి అత్తమ్మను కూర్చోబెట్టేదాన్ని. ఉలి ఒకసారి ఆనించి తీశాక అద్దం వైపు చూడటం, మళ్లీ ఆనించడం. ఆమె అద్దంలోంచి నన్ను చూసి నవ్వేది.

కొన్ని నెలలు అలా గడిచాయి. పని బాగా సాగుతోంది. చదరంగం పావులు చేయడం మొదలుపెట్టాను.

ఒక రోజు పొద్దున బంటును చెక్కుతున్నాను. తల గుండ్రంగా రావాలి, మెడ సన్నగా రావాలి. చూపు తిప్పితే చెడిపోయే చోటు. అది పూర్తయ్యాక అద్దం వైపు చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది.

స్విచ్చు నొక్కాను. మిషన్ టక్కున ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. వంటింట్లో లేదు. మంచం మీద లేదు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. పరుగెత్తాను. గేటు అవతల, బోధన్ రోడ్డు అంచున నిలబడి ఉంది. చెరుకు లోడు లారీ ఒకటి హారన్ కొడుతూ ఆమె కొంగును గాలికి ఎగరేస్తూ దాటిపోయింది. ఇంకొకటి దూరంగా వస్తోంది. ఆమె ఒక కాలు తారు మీద పెట్టింది.

వెళ్లి భుజాలు పట్టుకుని వెనక్కి లాగాను.

"అత్తమ్మా, ఇంట్లకు పా."

ఆమె నా మొహంలోకి చూసింది. నా చొక్కా మీద పొట్టును చూసింది. మెల్లగా, మర్యాదగా తన భుజం మీంచి నా చెయ్యి తీసేసింది.

"ఎవరి బిడ్డవమ్మా నువ్వు?" అంది.

లారీ దగ్గరికొచ్చింది, దాటిపోయింది. నేను ఆమె చెయ్యి మళ్లీ పట్టుకున్నాను, విరిగి అతుక్కున్న మణికట్టును కాకుండా రెండో చేతిని. పక్కింటి కోడల్ననీ, ఎండగా ఉందనీ, కాసేపు లోపల కూర్చుందాం రమ్మనీ చెప్పాను. పక్కింటి కోడలైతే ఫర్వాలేదనుకున్నట్టు ఆమె నా వెంట నడిచింది.